ఊపు, గుంజు, కదలకు

పోయిన నెలలో ఒకరోజు తెల్లవారుజామున ఫోన్ మోగింది. అమెరికా నంబరు చూడగానే గుండె దడదడలాడింది, ఆ వేళప్పుడు అక్కడినుంచి మంచి కబురు రాదు కదా. "చిన్నమ్మా, అమ్మ పోయింది" అన్నాడు అక్క కొడుకు. కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఆసుపత్రిలో జరిగిందంతా నెమ్మదిగా చెప్పుకొచ్చాడు, దాదాపు గంటసేపు, తెలుగులోనే. ఇరవై ఆరేళ్లవాడు, పుట్టి పెరిగింది న్యూజెర్సీలో, ఇల్లు దాటితే తెలుగు ముక్క వినపడనివాడు. వాడి మాట వింటే ఒక సంగతి తెలుస్తుంది. దుప్పటి, దిండు, మోకాలు లాంటి మాటలు తోచక ఇంగ్లీషులో అనేస్తాడు గానీ ఎత్తు, దించు, పట్టుకో, గుంజు, ఇడువు లాంటివి ఒక్కటి కూడా తడుముకోడు. జగిత్యాలలో పెరిగిన పిల్లాడిలా టకటకా అంటాడు.

ఆ మాటలన్నీ వాడికి ఎలా వచ్చాయో నాకు తెలుసు. అవి వస్తున్నప్పుడు నేను వాడి పక్కనే ఉన్నాను.

తెల్లారాక అటక మీదున్న, న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి తెచ్చుకున్న అట్టపెట్టె దింపించాను. పాత స్వెట్టర్ల అడుగున ఉంది, నింటెండో వాళ్ల వీడియోగేమ్ డబ్బా 'వీ'కి వచ్చే తెల్లటి రిమోట్, మీద ఆ మెత్తటి రబ్బరు తొడుగు. తొడుగు కాస్త జిగటగా తయారైంది. లోపల బ్యాటరీలు కారి తెల్లగా పొడి కట్టింది. నిమ్మరసం చుక్కలు వేసి, గుడ్డతో తుడిచి, గోడ గడియారంలోంచి రెండు బ్యాటరీలు తీసి వేశాను. బటన్ నొక్కితే నాలుగు నీలం లైట్లు మిణుకుమిణుకుమన్నాయి. మేం తిరిగొచ్చేటప్పుడు అక్క నా చేతిలో పెట్టిన రిమోట్ ఇది. "మా ఇంట్ల ఇంకా మూడున్నయ్ తియ్, ఇది నీ గుర్తు" అంది. అసలు డబ్బా లేకుండా ఒట్టి రిమోట్ ఎందుకని ఆయన అప్పుడు అడిగారు. నేను జవాబు చెప్పలేదు, సూట్‌కేసులో పెట్టుకున్నాను.

* * *

నేను ఎడిసన్‌లో దిగింది మంచు పడుతున్న రోజుల్లో. అప్పటిదాకా అద్దంకి దాటి నేను చూసిన పెద్ద ఊళ్లు ఒంగోలు, గుంటూరు. ఆయన పొద్దున్నే మెట్రోపార్క్ స్టేషన్‌కి వెళ్లి రైలెక్కి న్యూయార్క్ పోయేవారు, మళ్లీ చీకటి పడ్డాకే రావడం. హెచ్-4 వీసా మీద వెళ్లిన భార్యలకు అప్పట్లో ఉద్యోగం చేసే అనుమతి లేదు. కొందరికి ఆ వీలు దొరికింది 2015లో, అప్పటికి మేం ఇండియాకి వచ్చేశాం. కారు నడపడం రాదు. కాలింగ్ కార్డు గీకి, ఆ పొడుగాటి పిన్ నంబర్ నొక్కి అమ్మతో మాట్లాడటం, కార్డులో నిమిషాలు అయిపోతే గోడ వంక చూస్తూ కూర్చోవడం, అంతే నా పగలు.

అక్క పరిచయమైంది లాండ్రీ గదిలో. వాషింగ్ మెషీన్‌లో వేయడానికి క్వార్టర్ నాణేలు చాలక నిలబడి ఉంటే, వెనక నుంచి ఒక గుప్పెడు నాణేలు చాచిన చెయ్యి. "తెలుగేనా చెల్లె?" అంది. మెడలో నల్లపూసలు చూసి అడిగిందట. మా బిల్డింగులోనే కింది అంతస్తు. జగిత్యాల పక్క పల్లెటూరు, ఏడో తరగతి దాకా చదివింది. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని పాలడబ్బా మీద తేదీ చూడగలదు, అంతవరకే. ఆ ఇంగ్లీషుతోనే ఓక్ ట్రీ రోడ్డు దుకాణాల్లో బెండకాయలు ఏరడం మొదలుకుని, కొడుకు బడిలో టీచర్‌ని కలిసి రావడం దాకా అన్నీ చక్కబెట్టుకునేది. నాకు డిగ్రీ ఉంది, తెలుగు మీడియం బీఎస్సీ. చదివితే అర్థమయ్యేది, నోరు మాత్రం పెగిలేది కాదు. ఎవరైనా ఏదైనా అడిగితే ముందు దాన్ని మనసులో తెలుగు చేసుకోవాలి, జవాబు తెలుగులో అనుకోవాలి, దాన్ని ఇంగ్లీషు చేసుకోవాలి. ఈ లోపల వాళ్లు వెళ్లిపోయేవాళ్లు.

వాళ్లబ్బాయికి అప్పుడు ఎనిమిదేళ్లు. అమ్మ తెలుగులో అడిగితే ఇంగ్లీషులో చెప్పేవాడు. ఇద్దరికీ పూర్తిగా ఒకటే భాష లేదు ఆ ఇంట్లో. ఆ సంగతి అక్కని లోపల ఎంత తినేసేదో నాకు ఒకసారి పప్పు రుబ్బుతూ చెప్పింది. "నా కడుపుల పుట్టినోడు నాతోటి మాట్లాడుతుంటె నాకు సగమే సమజైతది చెల్లె."

* * *

వీ అమెరికాలో విడుదలైంది 2006 నవంబరులో. 250 డాలర్లు. ఆ తర్వాత సంవత్సరం పైన అది దొరకడమే కష్టంగా ఉండేది. ఆదివారం పొద్దున దుకాణాలు తెరవకముందే జనం వరసలో నిలబడేవాళ్లు. బావగారు కూడా అలాగే ఒక ఆదివారం ఇంకా చీకటిగా ఉండగా థర్మాస్‌లో టీ పోయించుకుని వెళ్లి, చెవులు ఎర్రగా కందిపోయి, డబ్బా చంకన పెట్టుకుని వచ్చారు. దాంతోపాటే వచ్చిన టెన్నిస్, బౌలింగ్ ఆటలు అందరికీ నచ్చాయి. కానీ మా శనివారాలను తనవిగా చేసుకున్న ఆట ఇంకొకటి, వారియోవేర్ స్మూత్ మూవ్స్. అది అమెరికాకి 2007 జనవరిలో వచ్చింది. జపాన్‌లో దాని పేరులో 'నాట్యమాడే' అనే మాట ఉందని అక్క కొడుకే తర్వాతెప్పుడో చెప్పాడు, ఆ పేరే దానికి సరైనదని నాకనిపించింది.

ఆడనివాళ్లకు ఆ ఆట ఎలా చెప్పాలి? అందులో రెండు వందలకు పైగా చిన్న చిన్న ఆటలుంటాయి, ఒక్కోటీ అయిదు సెకన్లకు అటూ ఇటూ. ముందు రిమోట్ ఎలా పట్టుకోవాలో బొమ్మ పడుతుంది. వెంటనే తెర మీద పెద్ద అక్షరాలతో ఒక్క మాట, ఒక ఆజ్ఞ. ఆ మాట చదివి, ఏం జరుగుతోందో చూసి, చెయ్యాల్సింది చేసెయ్యాలి. ముసలావిడ నోట్లో కట్టుడు పళ్లు పెట్టాలి. అరచేతిలో చీపురు పడకుండా నిలబెట్టాలి. నడుం చుట్టూ రింగు తిప్పాలి. చెయ్యగానే ఇంకోటి. ఇంకోటి. పోనుపోను వేగం పెరుగుతుంది, పాట కూడా దాంతోపాటే పరుగెడుతుంది. నాలుగుసార్లు తప్పితే ఆట అయిపోయినట్టే.

రిమోట్ పట్టుకునే భంగిమలే ఒక ఇరవై దాకా ఉంటాయి. నిటారుగా పట్టుకుంటే గొడుగు. అరచేతిలో పడుకోబెడితే వెయిటర్. ముక్కుకి ఆనించి పట్టుకుంటే ఏనుగు. నెత్తి మీద నిలబెడితే ఒకటి, నడుం దగ్గర పెట్టుకుంటే ఒకటి, కత్తి ఒరలో ఉన్నట్టు పట్టుకుంటే సమురాయ్. కొత్త భంగిమ వచ్చినప్పుడల్లా ఆట ఆగి, పురాణం చెప్పే అయ్యగారిలా ఒక గొంతు తాపీగా దాని గొప్పతనం చెప్పేది, వెనక మెల్లగా సంగీతం. మాకు ఆ మాటలు సగం అర్థమయ్యేవి కావు కానీ గొంతు మాత్రం హాయిగా ఉండేది. రోలు రోకలి భంగిమ మొదటిసారి వచ్చినప్పుడు అక్క లేచి నిలబడింది. "ఇది నాకు నేర్పాల్నా?" అని కొంగు బొడ్లో దోపి రిమోట్ అందుకుంది. పసుపు, కారం దంచిన చేతులవి. ఆ మణికట్టు తిరిగిన తీరు ఇంకా కళ్లముందే ఉంది.

పది పన్నెండు మంది కలిసి ఒకే రిమోట్‌తో ఆడుకునే ఏర్పాటు ఆ ఆటలో ఉంది, కానీ ఒంటరిగా ఆడే భాగం పూర్తి చేశాకగానీ అది తెరుచుకోదు. వాడు బడి నుంచి రాగానే షూ విప్పకుండానే కూర్చుని, వారం తిరక్కుండా పూర్తిచేశాడు. ఆ శనివారం మేం తొమ్మిది మందిమి. రిమోట్ చేతులు మారుతూ ఉంటుంది. తప్పినవాళ్లు పక్కకు జరగాలి, చివరికి మిగిలినవాళ్లు గెలిచినట్టు. రిమోట్‌కున్న పట్టీ మణికట్టుకి తగిలించుకోమని ఆట మొదట్లో చెబుతుంది, మొదట్లో వచ్చిన సన్న పట్టీల బదులు నింటెండో మందంవి పంపిందని, తర్వాత ఈ రబ్బరు తొడుగులు కూడా ఉచితంగా ఇచ్చిందని బావగారు అనేవారు. కానీ అయిదు సెకన్లకోసారి చేతులు మారే ఆటలో పట్టీ ఎవరు తగిలించుకుంటారు? "చెయ్యి తుడుసుకోని పట్టుండ్రి" అని అక్క ఒక తువ్వాలు సోఫా చేతి మీద వేసి ఉంచేది. సకినాల నూనె, మిరపకాయ బజ్జీల నూనె. ఎంత తుడిచినా ఆ రిమోట్‌కి సన్నగా వాము వాసన ఉండేది. మొన్న తొడుగు తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. రబ్బరు వాసన తప్ప ఏమీ రాలేదు.

* * *

మొదటి రోజు నేను అందరికంటే ముందు ఓడిపోయాను. రెండో వారం కూడా. తెర మీద మాట పడుతుంది, నేను చదువుతాను, దాని అర్థం నాకు తెలుసు, కానీ అది తెలుగై నా చేతి దాకా వచ్చేసరికి ఆట ముగిసేది. అందరూ "పర్లేదులే" అనేవాళ్లు. నాకు లోపల చాలా బాధగా ఉండేది, ఎందుకంటే అది ఒక్క ఆట సంగతి కాదు, బయటికెళ్తే ప్రతి కౌంటర్ దగ్గరా నాకు జరిగేది అదే.

అక్కకి ఇంగ్లీషు అంత వేగంగా చదవడమే రాదు. కొడుకు పక్కన నిలబడి తెర మీది మాట అరిచేవాడు. మొదట్లో ఇంగ్లీషులోనే అరిచాడు, "షేక్, మామ్, షేక్!" అని. ఆమెకి అందలేదు. "ఏందిరా?" అనేలోపల అయిపోయింది. రెండు మూడుసార్లు అలా అయ్యాక వాడికి ఏడుపొచ్చింది, అమ్మ ఓడిపోతోందని. "అమ్మా, షేక్‌ని ఏమంటారు?" అని అడిగాడు. "ఊపుడు" అంది అక్క. "ఊపు!" అన్నాడు వాడు. నాకు తెలిసి అమ్మని వాడంతట వాడు అడిగి నేర్చుకున్న మొదటి తెలుగు మాట అది.

ఆ తర్వాత ఒక్కో శనివారం నాలుగైదు మాటలు. ఊపు. తిప్పు. గుంజు. దుంకు. కూసో. లే. కొట్టు. దంచు. చీపురు నిలబెట్టే ఆట వచ్చినప్పుడు "కదలకు అమ్మా, కదలకు!" అని ఊపిరి బిగబట్టి గుసగుసలాడేవాడు. పెద్ద మాటలకి టైం ఉండదు, వాక్యాలు కుదరవు, ఒక్క క్రియ, అది కూడా అరక్షణంలో నోట్లోంచి రావాలి. అక్క తెర వంక చూసేది కాదు, చెవి మాత్రం కొడుకు వైపు ఒగ్గి ఉంచేది. వాడు అన్న మరుక్షణం చెయ్యి కదిలేది. వాళ్లిద్దరూ కలిసి ఆడుతుంటే మిగతావాళ్లం తినడం ఆపి చూసేవాళ్లం.

ఒకసారి నా వంతు వచ్చినప్పుడు నేను వాడికి "లాగు అనాలిరా, గుంజు కాదు" అన్నాను. మా వైపు లాగు అంటాం. వాడు నా వంక, వాళ్లమ్మ వంక చూశాడు. అక్క నవ్వి, "అమ్మకు గుంజు అను, చిన్నమ్మకు లాగు అను" అంది. ఆ రోజు నుంచి వాడు మనిషిని బట్టి మాట మార్చేవాడు. అక్కకి ఉరుకు, నాకు పరుగెత్తు. అక్కకి దుంకు, నాకు దూకు. ఎనిమిదేళ్ల పిల్లాడు, అరక్షణంలో.

"గట్ల సూస్తవేంది చెల్లె, సదువుతె అయిపోతది, బొమ్మ సూడు" అని అక్క నాకు చెప్పిన మాట నేను చాలాకాలం పట్టించుకోలేదు. చివరికి ఒకరోజు చదవడం మానేసి చూశాను. మాట పక్కన బొమ్మ ఉంది. బొమ్మలో చెయ్యి ఉంది. నా చెయ్యి కూడా అలా కదిలింది. మధ్యలో తెలుగూ లేదు, ఇంగ్లీషూ లేదు.

* * *

అప్పుడు గుర్తొచ్చింది మా డ్రిల్లు సారు. జిల్లాపరిషత్ హైస్కూల్లో ఆగస్టు పదిహేనుకి నెల ముందు నుంచి సాయంత్రం ఎండలో నిలబెట్టేవారు. "సావధాన్!" అంటే మడమలు కొట్టాలి, "విశ్రామ్!" అంటే కాళ్లు ఎడం చెయ్యాలి, "పీఛే ముడ్!" అంటే గిరుక్కున తిరగాలి. మాలో ఎవరికీ హిందీ రాదు. ముడ్ అంటే ఏమిటో నాకు కాలేజీకి వెళ్లేదాకా తెలీదు. అయినా రెండు వందల మందిమి ఒకే చప్పుడుతో తిరిగేవాళ్లం, మట్టి లేచేది, ఎవరమూ తప్పేవాళ్లం కాదు. అంతకన్నా చిన్నప్పుడు ఇంటి అరుగు మీద ఆడిన ఆట కూడా అంతే. అందరం నేల మీద వేలు పెట్టి కూర్చోవాలి, ఒకళ్లు "కాకి ఎగిరింది, చిలక ఎగిరింది" అంటూ ఉంటే వేలెత్తాలి, మధ్యలో "గేదె ఎగిరింది" అన్నప్పుడు ఎత్తినవాళ్లు ఔట్. మా నాయనమ్మ చెప్పే వేగానికి కాకికీ గేదెకీ తేడా ఆలోచించే వ్యవధి ఉండేది కాదు, వేలికే తెలియాలి.

అక్కకి ఇవన్నీ చెబితే వాళ్ల బళ్లోనూ సావధాన్ ఉందంది. మేమిద్దరం ఆ ఎడిసన్ కార్పెట్ మీద, వంటింటి గిన్నెలు అలాగే వదిలేసి, పీఛే ముడ్ చేశాం. పిల్లలు పడీ పడీ నవ్వారు.

కొన్ని నెలల తర్వాత డ్రైవింగ్ టెస్టుకి వెళ్లాను. పక్కన కూర్చున్నాయన ముఖం చూడకుండా కాగితం వంక చూస్తూ పొట్టి పొట్టిగా చెబుతున్నాడు, ఎడమకి తిప్పు, పక్కన ఆపు, కె-టర్న్ చెయ్యి, అంటే ముందుకీ వెనక్కీ పోనిచ్చి కారు మళ్లించు. నాకు తెలుగు చేసుకోవాలన్న ధ్యాసే రాలేదు. చేతులు తిప్పాయి, కాళ్లు తొక్కాయి. పాసయ్యాక బయట కారులో ఎదురుచూస్తున్న అక్క దగ్గరికి పరుగెత్తుకుంటూ వెళ్లి ఏడ్చాను. తర్వాతి శనివారం నేనే నడుపుకుంటూ అక్కని బ్రిడ్జ్‌వాటర్ వెంకటేశ్వరస్వామి గుడికి తీసుకెళ్లాను. దారంతా ఆమె నోరు విప్పలేదు, టెన్షన్‌తో సీటు బెల్టు పట్టుకునే కూర్చుంది, గుడి దగ్గర దిగాక మాత్రం నా రెండు చేతులూ కళ్లకద్దుకుంది.

* * *

ఒక దీపావళి సంగతి కూడా చెప్పాలి. టీవీ కింద పెట్టే సన్నటి నల్ల పట్టీ ఉంటుంది, సెన్సర్ బార్ అంటారు. ఆ పొద్దున్నే వ్యాక్యూమ్ చేస్తూ నేనే దాని వైరు తెంపేశాను. సాయంత్రానికి నాలుగు కుటుంబాలు వస్తున్నాయి, తెర మీద గురిపెట్టే చెయ్యి గుర్తు కనబడటం లేదు. నా ప్రాణం ఉసూరుమంది. మావాడు మాత్రం నిదానంగా, అందులో సెన్సర్ ఏమీ లేదు చిన్నమ్మా, రెండు చివర్లా కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ లైట్లు ఉంటాయి అంతే, చూసే కెమెరా రిమోట్ ముక్కులోనే ఉంది, కొవ్వొత్తులు పెట్టినా పనిచేస్తుందట, స్కూల్లో చెప్పుకుంటున్నారు అన్నాడు. అక్క కొవ్వొత్తులు వెతకలేదు. గుమ్మంలో పెట్టడానికి సిద్ధం చేసిన ప్రమిదల్లోంచి రెండు తెచ్చి, వెడల్పు పళ్లెంలో జానెడు ఎడంగా పెట్టి, టీవీ ముందు వెలిగించింది. తెర మీద చెయ్యి గుర్తు ప్రత్యక్షమైంది. మంట కదిలినప్పుడల్లా అదీ కొంచెం వణికేది. ఆ రాత్రి అందరం ఆ రెండు దీపాల వెలుగులోనే ఆడాం, నూనె తగ్గినప్పుడల్లా అక్క లేచి పోసేది, పిల్లలెవరూ పళ్లెం దగ్గరికి పోకుండా బావగారు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

* * *

మేం వచ్చేశాం. వాళ్లు పక్క ఊళ్లో ఇల్లు కొనుక్కున్నారు. వీ కిందికి, బేస్‌మెంట్‌లోకి వెళ్లిందని ఒకసారి చెప్పింది, ఆ తర్వాత దాని మాటే రాలేదు. పది కోట్లకు పైగా అమ్ముడైన వస్తువు, ఇప్పుడు చాలా ఇళ్లలో ఇలాగే ఏ అట్టపెట్టెలోనో ఉండి ఉంటుంది. కానీ వాడు అమ్మతో తెలుగు మాత్రం ఆపలేదు. క్రియల చుట్టూ మెల్లగా మిగతా మాటలు చేరాయి. ఫోన్లో వెనక నుంచి వినపడేవాడు, "అమ్మా, జర ఆగు, నేను ఎత్తుత" అని.

పోయిన శీతాకాలం అక్కకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. ఇన్నేళ్లలో పట్టుబడిన కాస్త ఇంగ్లీషు కూడా ఆ దెబ్బకి పోయింది, తెలుగు మాత్రమే మిగిలింది. డాక్టర్లు, నర్సులు రోజుకి ఎన్నోసార్లు మంచం దగ్గరికి వచ్చి పరీక్ష చేసేవాళ్లట, చెప్పింది చేస్తోందా లేదా అని. కళ్లు తెరువు. చెయ్యి ఎత్తు. నా వేళ్లు పట్టుకో. అన్నీ పొట్టి పొట్టి ఆజ్ఞలు. ఇంగ్లీషులో చెప్పినప్పుడు అక్క కదల్లేదు. ఆమెకి తెలియడం లేదేమో అని కాగితం మీద రాయబోతుంటే, వాడు మంచానికి అవతల పక్కకి వెళ్లి చెవి దగ్గర వంగాడట. "అమ్మా, కండ్లు తెరువు." తెరిచింది. "ఎడమ చెయ్యి లేపు." లేపింది. "గుంజు." వేలు పట్టుకుని గుంజింది.

"వాళ్లు నన్నే ఉండమన్నరు చిన్నమ్మా, ప్రతిసారి" అన్నాడు వాడు ఫోన్లో. "డాక్టర్ ఒక మాట అంటడు, నేను ఒక మాట అంట, అమ్మ చేస్తది. మా పాత ఆట లెక్కనే."

పట్టుకోవడం కంటే వదలడమే వాళ్లకి ముఖ్యమట. తెలివి లేకపోయినా అరచేతిలో వేలు పెడితే చెయ్యి తనంతట తాను మూసుకోవచ్చు, వదలమంటే వదిలితేనే విన్నట్టు లెక్క అని డాక్టర్ వాడికి చెప్పాడు. చివరి వారంలో ఒక పొద్దున అక్క కళ్లు కూడా తెరవలేదు. డాక్టర్ బదులు వాడే తన రెండు వేళ్లు ఆమె ఎడమ చేతిలో పెట్టాడు. మూసుకుంది. చాలా గట్టిగా పట్టుకుందట. వాడికి ఆ మాట అనబుద్ధి కాలేదు. డాక్టర్ ఎదురుచూస్తున్నాడు.

"ఇడువు అమ్మా" అన్నాడు.

ఇడిచింది.